దుప్పటి బయట చేతులు

కళ్లు మూసుకోవడం దాలయ్యకు బాగా వచ్చు. ఆ విద్యలో అతన్ని మించినవాడు గాజువాక మొత్తం వెతికినా దొరకడు. రెప్పలు బిగించకూడదు, బిగిస్తే అదురుతాయి, అదిరితే దొరికిపోతాం. గడియ పెట్టకుండా తలుపు దగ్గరగా వేసినట్టు ఊరికే వాల్చాలి. నోరు కాస్త తెరిచి ఉంచాలి. ఊపిరి పొట్టలోంచి తీయాలి, నింపాదిగా, మధ్యలో ఒక్కసారి ఆపి మళ్లీ తీస్తే చూసేవాడికి ఇక అనుమానమే ఉండదు. అదంతా అతను ఇప్పుడు పొల్లుపోకుండా చేస్తున్నాడు, పట్టపగలు, పెంకుటింటి వెనకగదిలో, చాప మీద వెల్లకిలా పడుకుని, ఇంత ఉక్కలోనూ గుండెల దాకా దుప్పటి కప్పుకుని, రెండు చేతులూ దుప్పటి బయట బోర్లా పెట్టుకుని. ఎవరైనా చూస్తే, రాత్రంతా పనిచేసి వచ్చిన పిల్లాడు, పాపం ఒళ్లెరగకుండా పడుకున్నాడు అనుకుంటారు. చూసేవాళ్లు లేరు. నిద్రా లేదు. పొద్దున్న డ్యూటీ దిగి వచ్చి చద్దన్నం తిని చాపెక్కినవాడు, ఎండ కిటికీ దాటి గోడ పట్టుకునేదాకా ఇంచుమించు ఇలాగే కుదురుగా ఉన్నాడు, తల మాత్రం లోపల మిషనులా తిరుగుతూనే ఉంది. సాయంత్రంలోగా నిద్ర పట్టకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఈ చాపా, ఈ గదీ, ఈ ఇల్లూ పోతాయి. ఆ మాట అనుకోగానే, రాబోయిన ఆ కాస్త మగత కూడా చెదిరిపోయింది.

రాత్రి సంగతి తలుచుకోకూడదని ఎంత అనుకుంటే అంతగా అదే వచ్చి ఎదురుగా కూర్చుంటోంది. ఆటోనగర్‌లో అతను పనిచేసే షెడ్డులో పని మూడే ముక్కలు: రేకు పెట్టు, చెయ్యి తియ్యి, పెడలు తొక్కు. పైనుంచి ప్రెస్సు దిగుతుంది, రేకు వాషరై బయటికొస్తుంది. పెట్టు, తియ్యి, తొక్కు. పగటి డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఆ ముక్కలు వరస తప్పలేదు. ఈ వారం రాత్రి డ్యూటీ పడింది, పగలు నిద్ర పట్టడం మానేసింది, తెల్లవారుజామున ఎక్కడో పెట్టడానికీ తొక్కడానికీ మధ్య తియ్యడం జారిపోయింది. గ్లౌజు చూపుడువేలి కొస తెగి కింద పడింది. వేలు తెగలేదు. ఆ గ్లౌజులు అంతకుముందు పనిచేసిన పొడుగాటి మనిషివి, దాలయ్య వేళ్లకు కొసల్లో ఖాళీ మిగిలేది. ఆ ఖాళీని ఎన్నిసార్లు విసుక్కున్నాడో! మేస్త్రీ ఫక్రుద్దీన్ పరుగున వచ్చి, ఆ గుడ్డముక్క తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. లోపల ఏమీ లేదని తేలాక స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏటిరా బేటా, ఎన్నాళ్లయినాది నువ్వు నిద్దరపోయి?"

"రోజూ పడుకుంటన్నాను సాయిబుగారూ."

"పడుకుంటన్నావ్ సరే. నిద్దర?" అని లేచి మిషను ఆపేశాడు. "సాయంత్రం గేటు కాడ నీ కళ్లు సూత్తాను. ఎర్రగా ఉన్నాయా, వాపస్. మరింక రావద్దు. వేళ్లు పోయిన కుర్రోళ్లని ఇద్దర్ని సూసినాను, మూడోవోణ్ణి సూడ్డం నా వొల్ల కాదు."

అందుకని ఇందాకటినుంచి రెండుసార్లు లేచి, గూట్లో అద్దం ముక్క తీసి, కింది రెప్ప లాగి చూసుకున్నాడు. చూసుకున్నకొద్దీ ఎర్రబడుతున్నాయి. నలుపుకుంటే ఇంకా ఎర్రబడ్డాయి. నిద్రపోయావో లేదో కళ్లు చూసి చెప్పే మేస్త్రీ దొరకడం తన కర్మ. తను పెరిగిన అనాథల హోమ్‌లో వార్డెను మేష్టారు టార్చిలైటు మొహం మీద వేసి చూసి కూడా ఏనాడూ కనిపెట్టలేకపోయారు. ఫక్రుద్దీన్ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాడు, రాలేదు. కోపం తెచ్చుకుంటే కనీసం అలిసిపోయైనా నిద్ర పట్టేదేమో. పక్కింటి రేడియోలో ఎవరో వంకాయ తెగుళ్ల గురించి ఎంతో ఓపిగ్గా చెబుతున్నారు, రోడ్డు మీద బస్సు కండక్టరు గోపాలపట్నం గోపాలపట్నం అని గొంతు చించుకుంటున్నాడు, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న వైపు నుంచి లారీలు ఒకదాని వెనక ఒకటి, ప్రపంచమంతా మేలుకుని ఉన్నప్పుడు ఒక్కడే నిద్రపోవాలంటే అదెలా కుదురుతుంది, తప్పు చేస్తున్నట్టుగా ఉంటుంది. హోమ్‌లో పగలు పడుకోవడమంటే జ్వరం రావడమే.

హోమ్‌లో పద్దెనిమిది నిండితే ఉండనివ్వరు. అలా బయటికొచ్చిన కుర్రాళ్లు వీధిన పడకుండా, ఓ రెండేళ్లు నిలదొక్కుకోవడానికని ఊళ్లో పెద్దలు కొందరు కలిసి ఈ పెంకుటిల్లు తీసుకున్నారు. పనిలో ఉండాలి, వంతులు వేసుకుని వండుకోవాలి, తాగి రాకూడదు. పని పోయినవాడు ఖాళీ చేసి, వెనక హోమ్‌లో ఎదురుచూస్తున్న ఇంకొకడికి చోటివ్వాలి. ఇల్లు చూసుకోవడానికి జోగమ్మ పెద్దమ్మ. ఆవిడ ఊరు ఫ్యాక్టరీ స్థలంలో పోయింది, పోర్టులో కలాసీగా చేసే మొగుడు అంతకుముందే పోయాడు. ఈవిడ మీకు బతకడం నేర్పుతుందని పెద్దలు చెప్పినప్పుడు దాలయ్యకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ బతకలేదా ఏమిటి? ఆ నవ్వు మొదటి వంతు వంట దాకానే నిలిచింది. హోమ్‌లో నిచ్చెన లాంటి బల్ల ఎక్కి గుండిగలో బియ్యం పోసిన చెయ్యి అది, ఆరుగురికి ఎన్ని పొయ్యాలో ఆ చేతికేం తెలుసు? ఉడికిన అన్నం గిన్నెలోంచి లేచి, మూత నెట్టుకుని, స్టవ్వు మీదికి దిగింది. ఆ పూట వీధి వీధంతా వాళ్లింటి అన్నమే తిన్నారు, కుక్కలతో సహా. జోగమ్మ తిట్టలేదు, వాకిట్లో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని కన్నీళ్లొచ్చేలా నవ్వి, తర్వాత తన గుప్పిలి తెరిచి అతని గుప్పిట పక్కన పెట్టి, మనిషికి ఇన్ని అని చూపించింది. చేపల గంగాలమ్మ చెప్పిన మొదటి బేరానికే ఒప్పేసుకుని పైగా దండం పెట్టి వచ్చిన రోజు మాత్రం తిట్టింది. మర్నాడు మళ్లీ అక్కడికే పంపితే గంగాలమ్మే జాలిపడి, మొప్ప ఎత్తి ఎరుపు ఎలా చూడాలో, చెప్పిన ధరలో సగానికి ఎలా అడగాలో, ఎప్పుడు లేచి వెళ్లిపోతున్నట్టు నటించాలో తనమీదే అతనికి నేర్పించింది. నటించడం త్వరగానే పట్టుబడింది.

మొదట్లో పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడేవాడు, గంట కొడతారని. గంట లేదురా అంటే, మరి ఎప్పుడు తినాలి అని అడిగాడు. ఆకలేసినప్పుడు అంది ఆవిడ. అదెంత చిక్కు ప్రశ్నో ఆవిడకేం తెలుసు. ఆకలి ఇప్పుడేసిందా, ఇందాకేసిందా, ఇది ఆకలేనా? రెండు రోజులు కడుపు మీద చెయ్యేసుకుని పరీక్ష చేసుకున్నాడు. సబ్బు కూడా అంతే. హోమ్‌లో సబ్బును దారంతో కోసి ముక్కలు పంచేవారు, ఇక్కడ కాగితం విప్పని మొత్తం సబ్బు, దాని మీద ఉబ్బెత్తు అక్షరాలు. ఆ అక్షరాలు అరిగిపోతాయని వాటిని తప్పించి వెనకవైపే రుద్దుకునేవాడు, ఇప్పటికీ చదవొచ్చు, కావాలంటే చూసుకోండి. ఆకలి వచ్చింది, బేరం వచ్చింది, వరసకట్టకుండా బస్సెక్కడం వచ్చింది, అన్నం పలుకు చూడ్డం వచ్చింది. మనిషన్నవాడికి, ఆ మాటకొస్తే కుక్కకీ పిల్లికీ కూడా, ఎవరూ నేర్పకుండా వచ్చే ఈ ఒక్కటీ రాకుండా పోవడమేమిటి?

రాత్రుళ్లు బాగానే పట్టేది కదా, మొన్న మొన్నటిదాకా. ముందుగదిలో ఐదుగురూ వరసగా పడుకునేవారు. అటు జగ్గయ్య గురక, ఇటు ఇంకొకడి పళ్లు నూరుడు, చుట్టూ ఊపిర్లు. హోమ్‌లో పెద్ద హాలు, కిటికీ నుంచి కిటికీ దాకా చాపలు, కళ్లు మూసుకుంటే ఆ ఊపిర్లన్నీ కలిసి ఒకటే పెద్ద ఊపిరి, అందులో తనదేదో తనకే తెలిసేది కాదు, అంతమందిలో ఒకడు మేలుకుని ఉన్నా ఫరవాలేదు, నిద్రను మిగతావాళ్లు చూసుకునేవారు. పగటి నిద్రకని ఇచ్చిన ఈ వెనకగదిలో ఊపిరి తీసేది తానొక్కడే. తీస్తే వినబడుతోంది. ఆపితే ఇంకెక్కడా వినబడదు. ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది? ఛ, ఏం ఆలోచనలివి. చేతులు సరిగ్గానే ఉన్నాయా? ఉన్నాయి, దుప్పటి పైనే, అరచేతులు కిందికి. ఏడేళ్ల వయసులో పసిపిల్లల గృహం నుంచి హోమ్‌కి తెచ్చిన రాత్రి, హాల్లో పక్కవాళ్లందరూ అలా పడుకుంటే తనూ పడుకున్నాడు. వార్డెను రమణమూర్తి మేష్టారు టార్చి పట్టుకుని వరసల మధ్య నడిచేవారు, వెలుతురు ముందు మొహం మీద, తర్వాత చేతుల మీద. చేతులు లోపలుంటే ఒక్కటే మాట, చేతులు బయట. ఎందుకని ఎవరూ అడగలేదు. దాలయ్య తనకు తానే అర్థం చేసుకున్నాడు. ఎవరి పిల్లలో తెలియని పిల్లల చేతులు ఎప్పుడూ కనబడుతూ ఉండాలి, దుప్పటి కింద పక్కవాడి పెట్టెలోకి పోకుండా. అంతకన్నా ఏముంటుంది? ఆనాటినుంచీ చేతులు దాచుకోలేదు. కిరాణా కొట్లో నిలబడినా రెండు చేతులూ బల్ల మీద పెట్టి నిలబడతాడు, జేబులో చేతులు పెట్టుకోవడం రాదు, గుడికి పోతే చెప్పుల గుట్ట దగ్గర చేతులు కట్టుకుని నడుస్తాడు. ఎంత మర్యాదైన కుర్రాడో అంటారు కొట్టువాళ్లు. మర్యాద కాదు, సంజాయిషీ. అడగకముందే ఇచ్చుకునే సంజాయిషీ.

సరే, పట్టిందే అనుకుందాం నిద్ర. అప్పుడు మాత్రం? లేపేదెవరు? అసలు భయం అక్కడుంది, తిరిగి తిరిగి అక్కడికే వస్తాడు, రాకూడదనుకుంటూ వస్తాడు. నేవీ వాళ్లు జనానికి ఓడ చూపించే రోజు అది. హోమ్ పిల్లలందర్నీ లారీలో తీసుకెళ్తామన్నారు. నెల రోజుల ముందునుంచీ అదే మాట, ఓడలో మెట్లుంటాయట, ఫిరంగి ముట్టుకోనిస్తారట. ముందురోజు దాలయ్యకు జ్వరం తగిలితే కాంపౌండరు తియ్యటి మందేదో పోశాడు. అంతే, అంత గాఢమైన నిద్ర అంతకుముందు లేదు, ఆ తర్వాత లేదు. లేచేసరికి హాలంతా చుట్టిపెట్టిన చాపలు. తలుపు తోస్తే బయట తాళం. కిటికీ ఊచలు పట్టుకుని పిలిచాడు, ముందు మేష్టార్ని, తర్వాత వంటమనిషి గురువమ్మని, తర్వాత ఎవర్నని లేకుండా. లారీ ఎక్కించేటప్పుడు తలలు లెక్కపెట్టారట. లెక్క సరిపోయిందట. గురువమ్మ మనవడు మధ్యలో దూరి కూర్చున్నాడు. సాయంత్రం అందరూ కాగితం జెండాలు ఊపుకుంటూ దిగారు, నువ్వు రాలేదా, మాతోనే ఉన్నావనుకున్నామే అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు, ఎవరూ చెడ్డవాళ్లు కారు. తను లేకపోయినా లెక్క సరిపోయింది, అంతే. ఆ రాత్రినుంచి ఒక చెవి తెరుచుకునే పడుకున్నాడు. గంట మోగకముందే లేచి కూర్చునేవాడు, చాప అందరికన్నా ముందు చుట్టేవాడు, మేష్టారు అతన్ని చూపించి మిగతావాళ్లకి బుద్ధి చెప్పేవారు. పగలు నిద్రపోతే దీపాల వేళకి లేపుతాను అని జోగమ్మ ఈ వారంలో రోజూ అంటూనే ఉంది. అంటారు. మేష్టారు కూడా, అందర్నీ తీసుకెళ్తాను అన్నారు.

గాజుల చప్పుడు, మొగుడు పోయినా పెద్దమ్మ తీసెయ్యని గాజులు. దాలయ్య ఊపిరి వెంటనే పొట్టలోకి దిగింది, రెప్పలు వదులయ్యాయి, నోరు కాస్త తెరుచుకుంది. జోగమ్మ ఉల్లిపాయల బుట్ట కోసం వచ్చింది, అది ఈ గదిలోనే మూల ఉంటుంది. బుట్ట తీసిన చప్పుడైంది గాని, వెళ్లిన చప్పుడు కాలేదు. ఆవిడ నిలబడి ఉంది. అతను మధ్యలో ఒకసారి ఊపిరి ఆపి మళ్లీ తీశాడు, ఎంతో నమ్మకంగా.

"నిద్దరపోయినోడు ఊపిరి అంత సక్కగా తీడు నాన్నా," అంది జోగమ్మ.

పన్నెండేళ్ల విద్య ఒక్క మాటతో ఎగిరిపోయింది. కళ్లు తెరిస్తే ఆవిడ అతని మొహం చూడటం లేదు, చేతులకేసి చూస్తోంది.

"రాత్రిళ్లు ఇంటికాడ పడుకున్నప్పుడూ సూసినాను, ఏటా సేతులు? ఎవులికి సూపిత్తన్నావు?"

"రూలు పెద్దమ్మా," అన్నాడు. అనగానే తన చెవులకే వింతగా వినబడింది. ఈ గదిలో, ఉల్లిపాయల బుట్ట పక్కన, రూలు. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు, నవ్వలేదు, బుట్ట కింద పెట్టి చాప పక్కన చతికిలబడింది. ఏం రూలు అంది. చెప్పాడు. టార్చిలైటు చెప్పాడు, పెట్టెల సంగతి చెప్పాడు, ఎవరి పిల్లలో తెలియని పిల్లలు కదా అన్న మాట కూడా చెప్పేశాడు, ఎప్పుడూ ఎవరితోనూ అననిది, వెల్లకిలా పడుకుని పైనున్న వాసాలకేసి చూస్తూ చెప్పడం వల్ల కాబోలు తేలిగ్గానే వచ్చింది. ఆవిడ ముందుగదిలోకి తిరిగి కేకేసింది. పోర్టులో పొద్దుటి షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన జగ్గయ్య, ఒళ్లంతా బొగ్గుదుమ్ముతో, లుంగీ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అతనూ ఆ హోమ్ పిల్లాడే, దాలయ్యకన్నా ముందు చేరినవాడు.

"ఒరే జగ్గయ్యా, మీ హోములో సేతులు బయటెట్టి పడుకోవాలంటరా? దొంగతనాలు సేత్తారనా?"

జగ్గయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "దొంగతనాలేటి పెద్దమ్మా, గజ్జి!" అన్నాడు. "ఈడు రాకముందు సంవత్సరం అందరికీ గజ్జి వచ్చీసినాది. మేష్టారు రాత్రిళ్లు కూకుని ఒక్కొక్కడికీ గంధకం మందు రాసీవోడు, తన సేత్తోనే. రాసిన కాడ గోకేత్తామని సేతులు బయటెట్టమనీవోడు. టార్చి ఏసి పుండ్లు మానినాయో లేదో సూసుకునీవోడు. తర్వాత గజ్జి తగ్గిపోనాది, రూలు ఉండిపోనాది." దాలయ్య మొహం చూసి కాస్త తగ్గాడు. "నాను బయటికొచ్చిన మర్నాడే మానీసినాను బావా. నువ్వింకా ఎట్టుకుంటన్నావేటి?"

ఇప్పుడు నవ్వింది జోగమ్మ. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, అన్నం పొంగిన రోజు నవ్వినట్టే. జగ్గయ్య కూడా మొదలెట్టాడు. దాలయ్యకు మొదట ఒళ్లు మండింది, మరు నిమిషంలో ఏమైందో, తనకూ నవ్వొచ్చేసింది, నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి, వెల్లకిలా పడుకున్నవాడికి ఎటు పోతాయి మరి. గజ్జి! పన్నెండేళ్లు తనది కాని గజ్జికి కాపలా కాశాడు. మేష్టారు చేతుల మీద వెలుతురు వేసింది దొంగని పట్టుకోవడానికి కాదు, పుండు మానిందో లేదో చూడ్డానికి. మొదట్లో అందుకే, తర్వాత ఆయనకీ అలవాటైపోయి ఉంటుంది, ఎందుకు మొదలెట్టారో ఆయనే మరిచిపోయి ఉంటారు. కిరాణా కొట్టు బల్ల మీద తను పెట్టిన చేతులన్నీ, గుడి మెట్ల మీద కట్టుకున్న చేతులన్నీ, ఒక్కసారిగా ఎవరో విడిచిపెట్టినట్టయింది. జోగమ్మ లేస్తూ లేస్తూ దుప్పటి లాగి పక్కన పడేసింది. ఈ ఉక్కలో దుప్పటేటిరా, అటు తిరిగి పడుకో అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"దీపాల ఏళకి నాను నేపుతాను. నా ఇంట్లో దీపం ఎట్టీ ఏళకి ఎవుడూ పడుకోకూడదు, నీకు తెలుసు కదా. నువ్వు నెగిస్తేనే గాని దీపం ఎట్టను. సరేనా?"

అతను అటు తిరిగాడు. తర్వాత, కాస్త సిగ్గుపడుతూనే, బోర్లా తిరిగాడు. బోర్లా పడుకోవడం ఎలాగుంటుందో అతనికి తెలియదు, పొట్ట చాపకి ఆనుతుంది, చెంప కింద చాప గీతలు గుచ్చుకుంటాయి, ఊపిరి తీస్తే వీపు లేస్తుంది, అదొక తమాషా. చేతులు ఎక్కడ పెట్టాలి? ఎక్కడైనా పెట్టొచ్చు. కుడి చెయ్యి తలగడ కింద దూర్చాడు. అక్కడ చల్లగా ఉంది. ఇన్నేళ్లూ తలగడ కింద ఇంత చల్లదనం ఉందని తెలియనే తెలియదు, రోజూ తల కింద పెట్టుకుని పడుకున్నదే. ఎడమ చెయ్యి పొట్ట కిందికి పోయింది. వేళ్లన్నీ ఉన్నాయి, చూపుడు వేలు కొస దాకా ఉంది. గ్లౌజు కొసలో ఖాళీ. ఆ పొడుగాటి మనిషి ఎవరో, ఎక్కడున్నాడో, చల్లగా ఉండాలి. వంటింట్లో ఉల్లిపాయ తరుగుతున్న చప్పుడు, పెట్టు తియ్యి తొక్కు, కాదు, కత్తిపీట అది, ఆవిడ చేతిలో ఎప్పుడూ వరస తప్పదు. జగ్గయ్య నూతి దగ్గర చేద దింపాడు, గిలక కీచుమంది, నీళ్లు పడ్డాయి, బొగ్గుదుమ్ము నల్లగా కారుతూ ఉంటుంది కాళ్ల చుట్టూ. మేష్టారి వేళ్లకి గంధకం వాసన ఉండేదా? ఉండే ఉంటుంది, ఎంతమందికి రాసేవారో. ఒకసారి ఉత్తరం, వద్దు, ఒకసారి వెళ్లి కనబడాలి, వెళ్లి ఏమనాలి, నమస్కారం మేష్టారూ గజ్జి తగ్గింది అనాలా, నవ్వొచ్చింది, నవ్వు సగంలో మగతలో కలిసింది. లారీ ఒకటి పోతోంది, పిల్లలంతా ఎక్కారు కాబోలు, పోనీ. ఓడ ఉంటుంది. మెట్లున్న ఓడ ఎక్కడికి పోతుంది, హార్బరులోనే ఉంటుంది, ఆదివారం వెళ్లి చూడొచ్చు, జగ్గయ్యని అడిగితే పోర్టు పక్కనుంచి చూపిస్తాడు. రేడియోలో వంకాయలాయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఎంత ఓపిక, మొక్క మొదట్లో, ఆకు అడుగున, పొద్దున్నా సాయంత్రం, ఆకు అడుగున చల్లగా. నూతి గిలక. కత్తిపీట. చెవి ఒకటి తెరిచి ఉంచాలన్న సంగతి అతనికి గుర్తు రాలేదు.

మెలకువ వచ్చేసరికి ఎక్కడున్నాడో తెలియలేదు. చుట్టూ మసక. చెంప మీద చాప గీతలు అచ్చులు పడి ఉన్నాయి, తలగడ తడిగా ఉంది, చొంగ కార్చుకున్నాడు, హోమ్‌లో అయితే వారం రోజులు ఏడిపించేవారు. కాళ్లూ చేతులూ ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు బరువుగా, హాయిగా ఉన్నాయి. ఇంత చీకటేమిటి, ఇంత నిశ్శబ్దమేమిటి, అందరూ వెళ్లిపోయారా, డ్యూటీ టైము దాటిపోయిందా? లేవబోయాడు. అప్పుడు గుమ్మం అవతల జగ్గయ్యవీ జోగమ్మవీ గుసగుసలు వినబడ్డాయి.

"నేపీమంటావేటి పెద్దమ్మా? లైటైనా ఎయ్యనీ, కాళ్లకి తగులుతన్నాయి అన్నీ."

"ఉండరా, కూకో. ఊళ్లో అందరి ఇళ్లల్లోనూ దీపం ఎట్టీసినారు, నానే ఎట్టనేదు. ఈయాలటికి లచ్చిందేవి ఓ గడియ బయట నించుంటే ఏటీ అయిపోదు. ఈ వారంలో మొదటిసారి నిద్దరపోయినాడు."

"డూటీ?"

"టైమున్నాది. నానెరగనా?"

అగ్గిపెట్టె చప్పుడు, గలగల, ఆవిడ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టుంది, ఎప్పటినుంచో. చీకట్లో, తలుపు పక్కన, దీపం కుందె ముందు. దాలయ్య మళ్లీ తలగడ మీద తల వాల్చాడు. కళ్లు మండటం లేదు. ఇప్పుడు ఫక్రుద్దీన్ టార్చిలైటు వేసి చూసినా సరే, రెప్ప లాగి చూసినా సరే. లేచి కూర్చోవచ్చు. చాప చుట్టేయవచ్చు, అందరికన్నా ముందు, ఎప్పటిలాగే. లేవలేదు. తలగడ కిందికి చెయ్యి ఇంకాస్త లోపలికి దూర్చి, రెప్పలు వదిలేసి, నోరు కాస్త తెరిచి, ఊపిరి పొట్టలోంచి తీశాడు; ఈసారి మరీ అంత చక్కగా తీయకుండా, జాగ్రత్తగా, కొంచెం గతుకులు పడేలా. గాజులు కదిలాయి. అడుగులు దగ్గరికొచ్చాయి. ఉల్లిపాయ వాసన వేసే చెయ్యి ఒకటి అతని వీపు మీద పడింది.

"దాలయ్యా, నెగు నాన్నా. దీపం ఎట్టాలి."

అతను కదల్లేదు. రెండోసారి కూడా పిలుస్తుందని తెలుసు.